విప్పని పది కవర్లు

వజ్రపుకొత్తూరు,
బుధవారం.

ప్రియమైన నాన్నకి,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక ఇలా రాస్తున్నాను. నువ్వు అమ్ములుకి పంపిన ఉత్తరాలు దానికి ఇవ్వలేదు. "మనవరాలికి అందాయా?" అని నువ్వు అడిగిన ప్రతిసారీ "అందాయి, మురిసిపోతోంది" అని అబద్ధమాడాను.

మొదటిది విప్పాను. అందులో నీ గుండ్రటి చేతిరాతలో అ నుంచి అః దాకా ఉన్నాయి. ఒళ్లు మండి ఆ రోజే నీతో ఫోన్లో పోట్లాడాను. స్కూలుకి పంపకుండా ఇంట్లోనే వాల్డార్ఫ్ పద్ధతిలో పెంచుతున్నానని, ముందు కథలు, మట్టి, రంగులు, ఊలు అల్లడం, ఏడేళ్లు నిండాకే అక్షరాలని ఎంత చెప్పినా నీ మాస్టారి బుద్ధి పోదనుకున్నాను. తర్వాత వచ్చిన పది కవర్లూ విప్పకుండానే ఊలు పెట్టె అడుగున పడేశాను. ఏడు నిండాక ఇద్దామనుకున్నాను. నిండాక, ఎందుకు దాచానో చెప్పాల్సొస్తుందని మళ్లీ దాచాను. ఈలోగా నీకు డయాలిసిస్ మొదలైంది, కవర్లు రావడం ఆగిపోయింది. కనీసం అప్పుడైనా ఇచ్చి ఉండాల్సింది.

నిన్న పొద్దున్న అమ్ములు పచ్చ ఊలు కోసం ఆ పెట్టె బోర్లించింది. దానికిప్పుడు ఎనిమిదేళ్లు. బొమ్మల్లోంచి ఒక్కొక్క అక్షరం తీసి నేర్పుతున్నాను, ఈమధ్యే కూడబలుక్కుని చదువుతోంది. నేను రాసినవి కాకుండా అది మొట్టమొదట చదివింది ఆ కవర్ల మీది తన పేరే.

"అమ్మా, ఇయన్నీ నా పేరు మీదున్నాయి. తాత నాకు రాసినయి నువ్వెందుకు దాసినావు?"

నేను కింద పడ్డ ఊలుండలు ఏరుతూ కూర్చున్నాను. అదే విప్పింది. ఒక్కదాంట్లోనూ అక్షరం లేదు నాన్నా. పదింట్లోనూ పీత బొమ్మలే. మొదటిది సాలీడులా ఉంది. చివరికొచ్చేసరికి పీత ఇసుకలో పరిగెడుతున్నట్టే ఉంది. నా మాట విని ఈ వయసులో బొమ్మలు నేర్చుకున్నావు. నేను విప్పి చూడనైనా లేదు. తప్పు చేశాను, సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పీతలన్నీ గోడకి అంటించుకుంది. "తాతకి పీత తెల్దేటి? రెండు కాళ్లు తక్కువేసినాడు" అంది. కవర్లు విప్పాక నాతో అన్నది ఆ ఒక్క మాటే. నిన్నట్నుంచి ముభావంగా ఉంది. అది క్షమిస్తుందో లేదో. ముందు నువ్వు నన్ను తిట్టు.

నీ
సౌజన్య


టెక్కలి,
శనివారం.

అమ్మా సౌజన్యా,

నిన్న డయాలిసిస్ అయింది, ఇంకా నీరసంగానే ఉంది. మాస్టారి అక్షరాలు వంకర పోయాయని నవ్వుకో.

తిట్టడానికి నాకు మొహం లేదు. నీకు నాలుగేళ్లప్పుడు భావనపాడు సముద్రం చూసొచ్చిన మర్నాడు, పలక మీద పీతని గీసి పరిగెత్తుకొచ్చి చూపించావు. అ దిద్దమంటే ఇదేమిటని తుడిచేశాను. "నాన్నా, అది నడుత్తంది, తుడపకు" అని ఏడ్చావు. ఏడ్చినందుకు వేళ్ల మీద కొట్టాను. నీకు గుర్తుందో లేదో. ఆ రోజు నువ్వు ఫోన్లో పోట్లాడుతుంటే నాకు అదే ఏడుపు వినిపించింది.

కవర్ల మీద అమ్ములు పేరు రాశాను గానీ, ఆ పీతలు నీకు గీసినవే తల్లీ. నీ పేరు రాయడానికి ధైర్యం చాల్లేదు. విప్పేది నువ్వే కదా, చూస్తావులే అనుకున్నాను.

వచ్చే ఆదివారం ఆసుపత్రికి వెళ్లే పని లేదు. అమ్ములుని తీసుకురా, తక్కువైన కాళ్లు అదే వేస్తుంది. పలక కొని ఉంచాను. నువ్వూ ఒకటి గియ్యి.

ఈసారి తుడవను.

మీ నాన్న,
నారాయణరావు