జ్వరం వచ్చిన పాప

సుగుణా,

ఆ గురువారం నువ్వు స్కూల్ నుంచి వచ్చి టీ తాగావు. మర్నాటి అధ్యాయం చూసుకోవాలని పుస్తకం తీశావు. కాసేపటికి గుండెలో నొప్పి అన్నావు. ఈ అరబ్బుల ఊరు నిజ్వాలో ఆసుపత్రికి చేరేసరికి నువ్వు లేవు.

నెలైంది. ఈ సాయంత్రం ఓబులమ్మ వచ్చింది. శుక్రవారాలు మనింట్లో నువ్వు ఆ పాత అమెరికా నవలను తెలుగులో చెబుతుంటే వినే, ఇక్కడి ఇళ్లలో పనిచేసే కడప ఆడవాళ్లలో ఆమే పెద్దది. ఆ రచయిత్రి తన ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుని, లోకంలోని పిల్లలందరికీ కథలు రాసిందని నువ్వు చెప్పినప్పుడు, "మేమూ అంతే గదమ్మా, మా పిల్లోల్లను ఇడిసిపెట్టి అరబ్బోల్ల పిల్లోల్లను సాకుతాండాం" అన్నది ఈమే.

"సార్, ఆ జొరమొచ్చిన పాప బతికిందా, లేదా?" అని అడిగింది.

నువ్వు గుర్తు పెట్టిన పేజీ నుంచి నవల చివరిదాకా నేను అప్పటికే చదివాను. పాప బతకదు. రచయిత్రి ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, తల్లి దీపం చిమ్నీ తుడవడం గురించి రాసింది.

"రేపు చెబుతాలే" అన్నాను.

"పోయింటే పోయిందనే చెప్పు సార్. ఇంటికాడ ఎవరన్నా పోతే ఫోన్లో అందరూ బాగుండారనే అంటారు మాకు. నువ్వన్నా నిజం చెప్పు."

మీ అమ్మ గుండె తట్టుకోలేదని, నీ సంగతి చెప్పొద్దన్నాడు మీ అన్నయ్య. ఆవిడ అడిగినప్పుడల్లా నువ్వు పరీక్ష పేపర్లు దిద్దుతున్నావని చెబుతున్నాను.

రేపు శుక్రవారం. ఉదయం ఆ ఆడవాళ్లందరికీ ఆ అధ్యాయం ఉన్నదున్నట్టు చదువుతాను. అంతకన్నా ముందు మీ అమ్మకు ఫోన్ చేస్తాను.