జనరేటర్ పోయాక

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అన్నేళ్లు నువ్వు నడిపిన డీజిల్ జనరేటర్‌ను మొన్న లారీలో తీసుకుపోయారు. పొగ ఎక్కువ వదిలే జనరేటర్లు మేడ్చల్‌లో ఇక నడపొద్దని మన అపార్ట్‌మెంట్‌కు నోటీసు వచ్చింది. కమిటీకి చదివి వినిపించింది నేనే. నీకు చెప్పలేదు గానీ, ఆ పొగే నీ ఊపిరితిత్తులను తినేసిందని డాక్టర్ అన్నాడు. అందుకే గొంతు తడబడకుండా చదివాను.

ఇప్పుడు డాబా నిండా సోలార్ పలకలు, కింద బ్యాటరీలు. కరెంటు పోతే ఎవరూ పరుగెత్తనక్కర్లేదు. నీ తర్వాత జనరేటర్ చూసుకుంటున్న అమ్మను కమిటీ ప్రెసిడెంట్ సార్ పిలిచాడు.

"అంత దానంతటదే నడుస్తాంది, యాదమ్మా. ఇగ నీకేం పనున్నది?"

పని పోతే మేముంటున్న కింది గదీ పోతుంది. నోటీసు చదివిన నేను తలెత్తలేకపోయాను.

"హైవే దుమ్మంత గా పలకల మీదనే పడుతాంది. దుమ్ముంటే కరెంటు తక్కువొస్తదని మీరే చెప్తిరి. ఎవరు కడుగుతరు, మీరెక్కుతరా సార్?" అంది అమ్మ.

సార్ నవ్వాడు. "రేపటి నుంచి నువ్వే ఎక్కు" అన్నాడు.

ఈ పొద్దున అమ్మ అయిదంతస్తులెక్కి, పలకలన్నీ కడిగి దిగింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటే దగ్గరికెళ్లి ఆ కొంగు చూశాను. మట్టే ఉంది నాయినా, మసి లేదు.