క్లచ్ లేని కారు

లేదు బాపూ, క్లచ్ పాడవలేదు. ఆ కారుకు అసలు క్లచ్చే లేదు. కాళ్ల కింద బ్రేకు, ఎక్సిలేటర్, రెండే ఉన్నాయి. గేర్లు వాటంతట అవే మారతాయి.

బట్టల దుకాణం సేఠు ఈ పాత ఫారిన్ కారును హైదరాబాద్‌లో కొన్నాడు. దసరా పూజ చేసినప్పటి నుంచి గేర్ రాడ్డు కదలడం లేదంటే, మా షెడ్డు మిస్త్రీ, నేను వాళ్లింటికి పోయాం.

"గిది మనతోని కాదు సేఠ్, పట్నంల సూపియ్యాలె," అన్నాడు మిస్త్రీ.

లోపల ఎలా ఉంటుందోనని రాడ్డు చుట్టూ ఉన్న రేకు విప్పాను. పూజలో పోసిన కొబ్బరినీళ్లు, పసుపు, కుంకుమ లోపలికి దిగి గట్టిపడ్డాయి.

"పూజ జేసిన్రా సేఠ్, పులిహోర కలిపిన్రా?" అని మిస్త్రీ నవ్వాడు.

కిరోసిన్‌తో కడిగి రెండు చుక్కల ఆయిల్ వేస్తే రాడ్డు జారింది.

"నడిపి సూడుపో," అన్నాడు మిస్త్రీ నాతో.

లారీ బోల్తాపడి, క్లచ్ తొక్కే ఎడమ కాలు పోయాక నువ్వు మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. మంచంలో కూర్చుని, రోడ్డు మీద పోయే లారీ ఏ గేర్లో ఉందో చప్పుడు విని చెప్పేవాడివి. నీలా ఒక్క కాలితో నడపొచ్చేమో చూద్దామని నా ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకున్నాను.

"ఏందిరా, బువ్వకు కూసున్నవా?" అని మిస్త్రీ అరిచాడు. ఎందుకో చెప్పడానికి సిగ్గేసింది.

గల్లీ చివరిదాకా పోయి వచ్చాను. కుడి కాలు ఒక్కటే సరిపోయింది.

నువ్వు పోయి ఏడాదైంది. ఇలాంటి బండి ఉంటుందని మనకు తెలిసి ఉంటే, ముందు ఎటు తోలేవాడివి బాపూ?