సున్నా పాయింట్ తొమ్మిది

గురువారం

ప్రోస్టేట్ కాన్సర్‌కి వేసే హార్మోన్ ఇంజెక్షన్లు ఆపి ఎనిమిది నెలలైంది. ఈ రోజు గుంటూరులో ఆ జబ్బు జాడ చెప్పే పీఎస్ఏ రక్తపరీక్ష రిపోర్టు చేతికిచ్చారు. పోయినసారి సున్నా పాయింట్ రెండు ఉన్నది ఇప్పుడు సున్నా పాయింట్ తొమ్మిది.

డాక్టరు తాపీగా చెప్పాడు. “ఇంజెక్షన్ ఆపాక మగ హార్మోన్ తిరిగొస్తుంది, దాంతో ఇదీ కొంత పెరగొచ్చు. జబ్బు తిరగబెట్టిందా అంటే ఇప్పుడే చెప్పలేం. మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం.”

ఆగాలట! ఆ ఇంజెక్షన్లకి రెండేళ్ళు ఒళ్ళంతా ఆవిర్లతో వేగాను. నా రిపేరు షాపులో వైండింగుకి వచ్చిన మోటారు ఎత్తబోతే కాళ్ళు వణికేవి. పోయిన నెల ఒక మోటారుని ఒక్కణ్ణే బల్ల మీదికి ఎక్కించి ఎంత సంబరపడ్డానో. ఆ బలాన్ని తెచ్చిన హార్మోనే ఈ అంకెనీ పెంచుతుంటే ఇంక దేనికి సంతోషించాలి?

ఇంటికొచ్చి మా ఆవిడ సుబ్బులుతో “బానే ఉందంట” అన్నాను.

అన్నం వడ్డిస్తూ అంది, “నీ సంచిలో కాగితం చూశా. నాకు అంకెలు రావా ఏంది?”

“నా సంచి ఎందుకు ముట్టుకున్నావే?” అని అరిచి కంచం ముందు నుంచి లేచాను.

ఆమె కదల్లేదు. “అరువయ్యా, ఎంతసేపైనా అరువు. డాక్టరు మీద అరవలేవుగా. ఈసారి గుంటూరు నేనూ వస్తా. ఆయన చెప్పేది నా చెవులతో వింటా.”

వద్దన్నాను. వినదు. కాసేపాగి మళ్ళీ కూర్చుని, చల్లారిన అన్నమే తిన్నాను.

ఈ మూడు నెలలూ ఆమెకి అబద్ధం చెప్పే పని తప్పింది. ఎదురుచూసే పని మాత్రం…