గంటసేపు ఆగే తలుపు

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

మీ అమ్మా నేనూ క్షేమం. ఈ ఉత్తరం రాసే వేళకైతే క్షేమమే. ఫోన్‌లో మాట్లాడదామంటే ఆవిడ పక్కనే చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. అందుకే కూరగాయలకు వెళ్లిన సందు చూసుకుని రాస్తున్నాను.

తొమ్మిదో అంతస్తు వదిలి కిందికి మారమన్నావు. మీ అమ్మ కాళ్లరిగేలా తిరుగుతూనే ఉంది. మెట్లు లేని ఇల్లు కావాలంటే నవ్వి పంపేస్తున్నారట.

ఇల్లు తనిఖీ చేయమని నువ్వు పంపిన మనిషి, తను ఏం చూశాడో నీకు చెప్పడం లేదన్నావు. అతని తప్పేం లేదు, నోరు కట్టేసింది నేనే. మన గుమ్మం తలుపు అంచున గంటసేపు మంటను ఆపుతుందని రాసిన రేకు ముక్క ఉంది కదా. నిప్పంటుకుంటే లిఫ్టు ఆగిపోతుంది. కాళ్లు పడిపోయిన నాలాంటివాడు ఆ తలుపేసుకుని, ఫైరింజన్ వాళ్లు వచ్చి మోసుకెళ్లేదాకా లోపలే ఉండాలి.

మీ అమ్మ ఇల్లు వెతకడానికి వెళ్లిన వేళ అతను వచ్చి తలుపంతా తడిమి చూశాడు. తర్వాత స్విచ్ బోర్డు మూత విప్పి, గోడ లోపలి నుంచి చిన్న ముక్క గిల్లి, బాల్కనీలో దానికి అగ్గిపుల్ల అంటించాడు. భగ్గుమంది.

"తలుపు మంచిదే సార్, గంట ఆగుతుంది. అది నిలబడ్డ గోడే పది నిమిషాలు ఆగదు. మంటకు తట్టుకునే పలక వేయాల్సిన చోట మామూలుది వేసేశారు. వరండా పొడుగునా ఇంతే," అన్నాడు.

కట్టినవాడు ఎప్పుడో బోర్డు తిప్పేశాడు. అపార్ట్‌మెంట్ సంఘం పెద్దకు చెబితే, "మెల్లగా మాట్లాడండి, ఇళ్లు అమ్ముడుపోవు" అన్నాడు. ఫైర్ ఆఫీసుకు రాస్తే పరిశీలిస్తామన్నారు. మొత్తం గోడలు మార్చాలి. నా జన్మలో జరిగేది కాదు. నాకు ఆశ చచ్చిపోయింది తల్లీ.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. పోయిన వారం అలారం మోగింది. మీ అమ్మ నా కుర్చీ పట్టుకుని వదల్లేదు. "పిచ్చిదానా, తలుపు గంట ఆగుతుంది, రాసుంది చూడు. నువ్వు కిందికెళ్లి ఫైరింజన్ వాళ్లను పిలుచుకురా!" అని కసిరాను. ఆ అక్షరాలు కూడబలుక్కుని చదువుకుని, చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. ఎవరింట్లోనో కూర మాడిందట. తిరిగొచ్చి నన్ను వదిలి వెళ్లినందుకు ఒకటే ఏడుపు. నాకేమో ప్రాణం లేచొచ్చింది. నేను చెబితే వెళుతుందని తెలిసింది కదా.

గోడ సంగతి ఆవిడకు తెలియదు. కానీ ఆ అలారం తర్వాత తలుపు మీద అనుమానం పడింది. నామీద నమ్మకం లేదు, చదువుకున్నదానివి కాబట్టి నిన్నే అడుగుతుంది. గంట ఆగుతుందని చెప్పు. తలుపు మాట వరకు అది అబద్ధం కూడా కాదు. గొంతు తడబడనివ్వకు తల్లీ. తడబడిందంటే పసిగట్టేస్తుంది, ఇక ఈసారి అలారం మోగితే నా కుర్చీ పక్కనుంచి కదలదు.

ఇట్లు,
నీ మాట మీదే భారం వేసిన
నాన్న