చిన్న పళ్ళాల బావమరిది, పెద్ద పళ్ళెం బావ

బావగారికి,

చేతులు తుడుచుకుని మరీ పెడుతున్న నమస్కారాలు.

ఫోన్ చేద్దామంటే మీ వెనక మూకుళ్ళ మోత, నా వెనక గిన్నెల మోత. కిందటిసారి మనం మాట్లాడుకున్నదాంట్లో నాకు వినబడినవి "ఆఁ", "ఏంటీ", "పెట్టేయ్" మాత్రమే. అందుకే ఉత్తరం.

ఆదివారం మీరూ అక్కా నా కొత్త హోటల్‌కి వచ్చారు. తిన్నారు, నా భుజం తట్టారు, ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళుగా సొంత బిస్ట్రోలో, ఆ చిన్న ఫ్రెంచి హోటల్లో, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మీరు. ఎలా ఉందో దాచకుండా రాయండి. జనం ఒకసారి వస్తున్నారు గానీ రెండోసారి రావడంలేదు. ఇలాగే సాగితే ఏడాది తిరక్కుండా తాళం వేసుకోవాలి.

ఇట్లు, కాళ్ళు వాచిన
మీ బావమరిది

తా.క. మొహమాటపడకండి. అలాగని మరీ ఎక్కువ నిజం కూడా వద్దు.

*

బావమరిదికి ఆశీస్సులు. కూర్చుంటే లేవలేనని నిలబడే రాస్తున్నాను.

అడిగావు గనక చెబుతాను. ముందు ఒక పళ్ళెం వచ్చింది. అందులో కాల్చిన పుట్టగొడుగులు మూడు. మేం ఇద్దరం. మూడోది నువ్వు తిను, కాదు నువ్వు తిను అని నేనూ మీ అక్కా మర్యాదలు చేసుకునేలోపు అది చల్లారిపోయింది. తర్వాత బీట్‌రూట్, తర్వాత చేపముక్క, తర్వాత ఏదో పచ్చటి చుక్క. చుక్క బాగుంది. రొట్టెతో అద్దుకుందామంటే రొట్టెకి మళ్ళీ వేరే పళ్ళెం. బల్లమీద మోచెయ్యి ఆనించడానికి చోటు లేదు, కడుపులో మాత్రం బోలెడంత చోటు!

రుచికి వంక పెట్టను. నీ చెయ్యి మంచిది. కానీ కొండను తవ్వి ఎలుకను పట్టి, దాన్నే నలుగురూ పంచుకోండి అన్నట్టుంది. పళ్ళాలు మరీ చిన్నవిరా.

ఉంటాను. మాంసంలోకి ఎముకల రసం మరుగుతోంది, పిలుస్తోంది.
మీ బావ

తా.క. ఇంటికొచ్చి మీ అక్క గుడ్లు వేయించింది. నిలబడే తిన్నాం. తింటున్నంతసేపూ ఆవిడ ఆ మూడో పుట్టగొడుగునే తలుచుకుంది.

*

బావగారికి ఆవులింతల మధ్య నమస్కారాలు.

మీ మాట తలకెత్తుకున్నాను. పళ్ళాలన్నీ పెద్దవి కొనేశాను. ఇప్పుడు బల్లకి రెండే పడుతున్నాయి. పుట్టగొడుగులు వాటిమీద తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లల్లా ఉన్నాయి. నిన్న ఒక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతుక్కున్నాడు.

కోపగించుకోనంటే నేనూ ఒక మాట. పోయిన నెల మీ దగ్గరికి వచ్చానుగా? సూప్ అమృతం. ఆ తర్వాత అసలు వంట కోసం కూర్చున్నాను. ఈలోగా పక్కబల్ల దంపతులు పోట్లాడుకున్నారు, రాజీపడ్డారు, మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి మాంసం వచ్చింది, మీరు రెండు రోజులు కాచిన రసం పోసుకుని. నోట్లో పెట్టుకుంటే కళ్ళు చెమర్చాయి. కానీ అప్పటికే నా ఆకలి నన్ను వదిలేసి ఇంటికెళ్ళిపోయింది. ఈ కాలం జనానికి అంత ఓపికెక్కడిది? మీ వంట గనక నా హోటల్లో ఉంటేనా! మీ చెయ్యి నాకు కావాలి బావగారూ.

సెలవు (ఉత్తరానికే, నాకు కాదు),
మీ బావమరిది

తా.క. చెయ్యి ఒక్కటే కాదు, మీరు కూడా.

*

శ్రీయుత బావమరిదిగారికి,

పళ్ళాలు చిన్నవంటే అందులో తిండి చాలలేదని అర్థం, మహానుభావా. పళ్ళెం కొరుక్కు తింటామా?

సరే, అది మీ తెలివి. ఇక నా చెయ్యి కావాలన్నారు. ఇన్నేళ్ళు యజమానిగా బతికినవాణ్ణి, ఇప్పుడు దుకాణం కట్టేసి తమరి దగ్గర కూలికి చేరమనా? నేను అలిసిపోయానని మీ అక్క గాని చెప్పిందా? అవును, అలిసిపోయాను. అది నా సొంత అలసట, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

ఓపికలేని జనానికి నేను వండలేననుకున్నారు. చూడండి. సోమవారం నుంచి నా వంటంతా చిన్న పళ్ళాల్లోనే. మాంసం ముక్క, రసం చెంచాడు, ఆలుగడ్డ పావు. తమరొక్కరికే చేతనవుతుందా ఈ చిల్లర వంట?

ఇట్లు,
ఎవరి చెయ్యో కాని చేతితో, బావ

తా.క. మీ అక్క మీకు దీవెనలు చెప్పమంది. నేను చెప్పడంలేదు.

*

బావగారికి,

నన్ను "గారు" అన్నారు. అక్కయ్యకి పెళ్ళయిన నాటినుంచీ నన్నింత మాట ఎవరూ అనలేదు.

కూలికని నేనెప్పుడన్నాను? ఇంటికి పెద్దదిక్కులా వచ్చి నిలబడండి అన్నాను. మీకలా వినబడింది. పౌరుషం నాకూ ఉందిగా, నేనూ పెద్ద వంట మొదలుపెట్టాను. ఏమైందో వినండి. నా దగ్గరికొచ్చే కుర్రకారు గుంపుగా వస్తారు. వాళ్ళ మధ్యలో తలకాయంత మాంసం పెడితే దానికేసి చూసి "ఇది ఎవరిదండీ?" అన్నారు. రసం కాస్తూ ఫ్రిజ్‌కి ఆనుకుని కునుకు తీశాను. లేచేసరికి అంతా మాడి, రసం లేదు, గిన్నె కూడా లేదు.

నిన్న మీ పాత గిరాకీ ఒకాయన నా దగ్గరికొచ్చాడు. "మీ బావకేమైంది? మాంసం అడిగితే మందులా చెంచాతో పోస్తున్నాడు" అని వాపోయాడు. నా వంట పెట్టాను. మర్యాదగా తిన్నాడు. లేచి, "సరే, ఆ మందే నయం" అని వెళ్ళిపోయాడు.

నావల్ల కాదు బావగారూ. ఒకసారి రండి, కూర్చుందాం.

ఇట్లు, ఓడిపోయినా ఫర్వాలేదనుకుంటున్న
మీ బావమరిది

తా.క. కూర్చోవడమంటే కుర్చీలో. మాట్లాడకపోయినా సరే.

*

తమ్ముడూ,

ఇది మీ బావ రాత కాదు, నాది. నీ ఉత్తరంలో "కూర్చుందాం" అన్న దగ్గరికి రాగానే ఆయన నిజంగానే కూర్చున్నారు. కాగితం గుండెలమీదే ఉంది. గురక కూడా వస్తోంది.

మీ ఇద్దరి యుద్ధమూ చిన్న పళ్ళెమా, పెద్ద పళ్ళెమా అని. ఇక్కడ గల్లా దగ్గరా, ఆ ఆదివారం నీ బల్ల దగ్గరా కూర్చుని నేను చూసింది వేరు. నీ దగ్గరికొచ్చేవాళ్ళు కబుర్లకొస్తారు, మధ్యలో తింటారు. ఈయన దగ్గరికొచ్చేవాళ్ళు తినడానికొస్తారు, కబుర్లు మానేస్తారు. దేనికుండే మర్యాద దానికుంది. మీరేం చేశారు? కబుర్లవాళ్ళ నోళ్ళు మూయించావు నువ్వు. తినేవాళ్ళకి పస్తు పెట్టారు ఈయన. పైగా రెండుచోట్లా వండినవాడు మాత్రం నిలబడే చస్తున్నాడు. మీరు వండింది మీరు వేడిగా తిని ఎన్నాళ్ళయిందిరా?

అందుకని నేనో పని చేశాను. ఈయన బిస్ట్రోకి "మూసివేయబడింది" అని అట్ట తగిలించాను. నీ హోటల్‌కీ తగిలించమని నీ భార్యకి చెప్పాను. చెప్పకముందే తగిలించేసిందట, బంగారుతల్లి. బస్టాండు వెనక చిన్న గది తీసుకున్నాం. పొద్దున ఫలహారం ఒక్కటే, మధ్యాహ్నానికల్లా మూత. పళ్ళెం మధ్యరకం. ఆయన పొయ్యి దగ్గర, నువ్వు వడ్డన. యజమానులం నేనూ నీ భార్యా. రేగినప్పుడు మీరు ఒకరినొకరు "గారు" అనుకోండి, మాకు మాత్రం ఎప్పుడూ అనాలి.

వచ్చే వారం నుంచి పని. అందాకా పడుకో.

దీవెనలతో,
మీ అక్కయ్యగారు

తా.క. జవాబు రాస్తే మెల్లగా రాయి. ఆయన లేస్తారు.