చదవకుండా దాటేసిన మాటలు

అమ్మా,

నేను క్షేమంగానే ఉన్నాను. యూనివర్సిటీ ఆఫీసు నుంచి ఫోనొస్తే కంగారుపడకు. హాస్టల్లో జ్వరంతో మూలుగుతున్నా ఎవరూ పట్టించుకోక చనిపోయిన అబ్బాయి గురించి, మేం విద్యార్థులం నడిపే వెబ్‌సైట్‌లో రాశాను. ఆ పేజీ తీసేయమని ఆఫీసువాళ్లు వెంటపడుతున్నారు.

నిన్న ఆ అబ్బాయి వాళ్లమ్మ నా గది వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడకు చదువు రాదు. "మావాడి గురించి నువ్వు రాసినదాని కింద జనం ఏవేవో రాశారటగా, చదివి వినిపించమ్మా" అంది. మంచివి చదివి, "తాగి పడుంటాడు" లాంటివి దాటేశాను. నా తడబాటు ఆవిడ పసిగట్టింది.

"ఆగావేం తల్లీ? తిట్టినా సరే, చదువు. ఆఫీసులో వాడి పేరెత్తితేనే మొహం తిప్పుకుంటున్నారు."

అన్నీ చదివాను. "మావాడు తాగడు బాబూ" అంటూ ఆవిడ ఆ కంప్యూటరుకే జవాబు చెప్పుకుంది.

ఆ పేజీ నేను తీయను. సస్పెండ్ చేస్తారేమో, నాన్నకు నువ్వే మెల్లగా చెప్పు. నా మందపాటి దుప్పటి పంపు. వంటింట్లో కుళాయి బాగుచేయించారా? తమ్ముడి దగ్గు తగ్గిందా? వాడు మొండికేసినా సరే, రేపే డాక్టరుకు చూపించు. నాన్నకు నమస్కారాలు, వాడికి ముద్దులు.

నీ పెద్దది